నలభై ఒక్క గ్రూపుల్లో లింకు పెట్టాను, పందొమ్మిది మందే ఇచ్చారు

గుంటూరు నుంచి ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. మొత్తం వేయడానికి చోటు లేదు కాబట్టి సంగతులు నా మాటల్లో చెబుతాను.

ఆమెకు ముప్పై ఆరేళ్లు, ఒక ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్ చూస్తారు. రిటైరైన ఒక హెడ్‌మాస్టారు నడిపే చిన్న ట్రస్టుకు ఖాళీ సమయంలో పనిచేస్తున్నారు. మిర్చి యార్డులో, కోల్డ్ స్టోరేజీల్లో పనిచేసే కూలీల పిల్లలు 62 మందికి సాయంత్రం ఐదు నుంచి ఎనిమిది దాకా చదువు చెప్పే కేంద్రం అది. అమ్మానాన్నలు బస్తాలు మోసి, మిరపకాయల ముచ్చికలు తీసి ఇంటికొచ్చేసరికి చీకటి పడుతుంది, అప్పటిదాకా ఆ పిల్లలకు ఉన్న చోటు అదొక్కటే. అద్దె 8,000, ఇద్దరు టీచర్లకు చెరో 7,500, గుగ్గిళ్లకూ అరటిపండ్లకూ 6,200, కరెంటు, పుస్తకాలు 2,000. అంతా కలిపి నెలకు 31,200 రూపాయలు. ఇన్నాళ్లూ మాస్టారి పెన్షన్‌తో, ఇద్దరు వ్యాపారుల సాయంతో నడిచింది. వాళ్లలో ఒకాయన చనిపోయారు, రెండో ఆయన మానేశారు.

సాఫ్ట్‌వేర్ పనిచేసే స్నేహితుడితో ఆమె ఒక విరాళాల పేజీ తయారుచేయించారు. మూడు నెలలుగా 41 వాట్సాప్ గ్రూపుల్లో ఆ లింకు పెడుతున్నారు. పందొమ్మిది మంది నుంచి 23,400 వచ్చాయి, అంటే ఒక నెల ఖర్చుకు కూడా చాలలేదు. ఈలోగా ఒక పెళ్లిలో మేనత్త అందరి ముందూ 'ఇది వస్తోంది, పర్సులు దాచుకోండర్రా' అంది. అందరూ నవ్వారు. ఆమె భోజనం చేయకుండా వచ్చేశారు. ట్రస్టు కార్యదర్శి మాట కాదనలేక, తండ్రి చనిపోయిన ఒక పాప ఏడుస్తున్న ఫొటో పెడితే ఒక్కరోజులో 8,000 వచ్చాయి. ఆ ఫొటో తిరిగి తిరిగి పాప చదివే స్కూలు దాకా వెళ్లింది. తోటి పిల్లలు 'డొనేషన్ పాప' అంటున్నారని ఆ అమ్మాయి కేంద్రానికి రావడం మానేసింది. డాలస్‌లో ఉన్న చిన్ననాటి స్నేహితుడు 500 డాలర్లు పంపుతానంటున్నాడు. ట్రస్టుకు విదేశీ విరాళాల అనుమతి లేదు కాబట్టి 'నీ సొంత ఖాతాలో వేయించుకో' అని కార్యదర్శి సలహా. రెండు నెలల అద్దె ఆమె తన జీతంలోంచి కట్టారు, భర్తకు చెప్పలేదు. 'నేను అడుక్కుంటున్నానా? నాకు అడగడం రాదా, జనానికి ఇవ్వడం రాదా? ఈ లింకు ఇంకా ఎక్కడ పెట్టాలి, లేక మానేయాలా?' ఇవీ ఆమె ప్రశ్నలు.

మీరు ఉత్తరం చివర్లో, ఇంకేదో రాస్తూ మధ్యలో చెప్పిన సంగతితో మొదలుపెడతాను. మీ ఆఫీసు సెక్యూరిటీ గార్డు. మీ చేతిలో నోటుపుస్తకాల కట్ట చూసి 'ఏంటమ్మా ఇవన్నీ' అని ఆయనే అడిగాడు. మీరు మెట్ల దగ్గర నిలబడి పది నిమిషాలు చెప్పారు. మర్నాడు ఆయన నూటపదహార్లు తెచ్చి మీ చేతిలో పెట్టాడు. మీ పేజీ 500 కంటే తక్కువ తీసుకోదు కాబట్టి మీరు ఇంకో 384 కలిపి కట్టారు.

అడగడం రాదనే మాట ఇక వదిలేయండి. మీకు వచ్చు. మీరు ఆయన్ని డబ్బు అడగనే లేదు, పిల్లల గురించి చెప్పారు, ఆయన అడిగినదానికి జవాబిచ్చారు. ఆ పది నిమిషాలు నలభై ఒక్క గ్రూపుల్లో ఎవరికీ దొరకలేదు, వాళ్లకు లింకొక్కటే దొరికింది. ఇంకోవైపు, మనసుతో వచ్చిన నూటపదహార్లను మీ పేజీ గుమ్మంలోనే ఆపేసింది. మీ కష్టమంతా ఈ రెండిటిలోనే ఉందని నాకనిపిస్తోంది.

లింకు అంటే, పూర్వం చందాలకు వెళ్లేటప్పుడు చంకలో పెట్టుకునే రసీదు పుస్తకం. మా ఊళ్లో లైబ్రరీ గదికి కొత్త రేకులు వేయించడానికి చందాలు పోగుచేసినప్పుడు నాకు పందొమ్మిదేళ్లు. మాతో వచ్చిన పెద్దాయన ఆ పుస్తకాన్ని చివరిదాకా సంచిలోంచి తీయనిచ్చేవారు కాదు. అరుగు మీద కూర్చునేవాళ్లం, మంచినీళ్లిస్తే తాగేవాళ్లం, వాన ఎక్కడ కారుతోందో, ఏ బీరువాలో పుస్తకాలు తడిశాయో చెప్పేవాళ్లం. 'సరే, ఎంత రాయమంటారు' అని వాళ్లే అన్నాక పుస్తకం బయటికి వచ్చేది. మీరు మూడు నెలలుగా వట్టి రసీదు పుస్తకాన్ని ఇంటింటికీ విసిరి వస్తున్నారు. నలభై రెండో గ్రూపులో పెట్టినా ఇదే జరుగుతుంది.

పైగా ఇప్పుడు లింకంటేనే భయం. పెళ్లి శుభలేఖ అని ఏపీకే ఫైలు (ఫోన్లో యాప్‌ను ఎక్కించేది) పంపి, తెరిచినవాళ్ల ఖాతాలు ఖాళీ చేసే మోసాలు అందరికీ తెలిసినవే. తెలియని లింకులు నొక్కొద్దని, మోసపోతే వెంటనే సైబర్ మోసాల నంబరు 1930కి ఫోన్ చేయమని పోలీసులే పదేపదే చెబుతున్నారు. ఇలాంటి రోజుల్లో ఎవరో ఫార్వర్డ్ చేసిన డబ్బుల లింకును నొక్కని మనిషికి మనసు లేదనుకోవడం అన్యాయం, ఆయన జాగ్రత్తగా ఉన్నాడంతే.

మీరు పంపిన పేజీని నా ఫోన్లో తెరిచి చూశాను. పేజీ మొత్తం ఇంగ్లిషులో ఉంది. గుంటూరు పిల్లల గురించి గుంటూరు వాళ్లకు చెప్పడానికి ఇంగ్లిషెందుకు? డబ్బు కట్టేలోపు పదకొండు గడులు నింపాలి, పాన్ నంబరు లేకపోతే ముందుకే పోదు. కనిపించే అంకెలు 5,000, 10,000, 25,000. 'వేరే మొత్తం' అన్నది అడుగున ఎక్కడో చిన్న అక్షరాల్లో ఉంది, అందులోనూ 500కి తగ్గకూడదు. రెండొందలు ఇద్దామని వచ్చిన మనిషి ఆ అంకెలు చూసి సిగ్గుపడి వెనక్కి వెళ్లిపోతాడు, వెళ్లిపోయినట్టు మీకు తెలియను కూడా తెలియదు. 116, 516, 1,116 పెట్టండి, ఆ అంకెల్లో ఇవ్వడం మన చేతికి అలవాటు. పేరు, చిరునామా, ఫోన్ నంబరు ఉంచండి, ఎవరిచ్చారో ట్రస్టు రాసి పెట్టుకోవాలి కాబట్టి అవి కావాలి. పాన్ మాత్రం పన్ను మినహాయింపు కోరేవాళ్లనే అడగండి.

నన్ను నిజంగా కంగారు పెట్టింది పేజీ అడుగున ఉన్న క్యూఆర్ కోడ్. స్కాన్ చేస్తే ట్రస్టు పేరు రాలేదు, ఒక వ్యక్తి పేరు వచ్చింది. మీ స్నేహితుడిదే అయ్యుంటుంది, తొందరగా పనవుతుందని మంచి మనసుతోనే పెట్టి ఉంటాడు. కానీ ఇచ్చేవాడి వేలు సరిగ్గా ఆ పేరు దగ్గరే ఆగిపోతుంది, ఆగాలి కూడా. రేపు ఎవరైనా లెక్క అడిగితే మాట పడేది ఆ అబ్బాయి, మీరు, మాస్టారు. ఈ ఒక్క విషయంలో నా దగ్గర రెండో దారి లేదు, ఈ రోజే తీసేయించండి. ట్రస్టు బ్యాంకు ఖాతాకే క్యూఆర్ తీసుకోండి, ఆ అబ్బాయి ఖాతాలో పడినవి ఎవరివి ఎంతో రాసి మొత్తం ట్రస్టుకు బదిలీ చేయించండి. మీరు అకౌంట్స్ మనిషి, నేను చెప్పాల్సిన పని లేదు.

పేజీ పైన ఎర్ర అక్షరాల్లో పన్ను మినహాయింపు అని రాశారు. మీ ట్రస్టుకు 80జీ, అంటే దాతలకు పన్ను మినహాయింపు ఇప్పించే గుర్తింపు, ఉండటం మంచిదే, కానీ దాన్ని నెత్తిన పెట్టకండి. కొత్త పన్ను విధానం ఎంచుకున్నవాళ్లకు ఆ మినహాయింపు వర్తించదు, పాతదే కావాలని విడిగా కోరకపోతే 2023-24 నుంచి అందరికీ వర్తించేది ఆ విధానమే. పాత విధానంలో ఉన్నవాళ్లకైనా మీలాంటి ట్రస్టుకు ఇచ్చినదాంట్లో సగమే ఆదాయంలోంచి తగ్గుతుంది, 2,000 దాటి నగదుగా ఇస్తే అదీ లేదు. ఇచ్చిందంతా వెనక్కి వస్తుందనుకుని ఇచ్చినవాళ్లు ఆనక మిమ్మల్నే అనుమానిస్తారు. దాతల వివరాలు ఏటా మే 31 లోగా ఆదాయపు పన్ను శాఖకు పంపి, వాళ్లకు సర్టిఫికెట్ ఇవ్వాలన్న నియమం 2021-22 నుంచి ఉంది. అది ఆలస్యమైతే ఫీజు పడుతుంది. 2025లో చేసిన కొత్త ఆదాయపు పన్ను చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమలు కాబట్టి సెక్షన్లు, ఫారాల నంబర్ల సంగతి ఆడిటర్‌ను ఒకసారి అడగండి.

ఇక అసలు పని. ఆ పందొమ్మిది మందిలో ఎంతమందికి మీరు ఫోన్ చేశారు? ఉత్తరంలో 'ఆటోమేటిక్‌గా థాంక్యూ మెయిల్ వెళ్తుంది' అని రాశారు. అది ఎవరి కంట పడిందో ఎవరికి తెలుసు. కొత్తవాళ్లను వెతకడం ఒక నెల ఆపేసి రోజుకు ఇద్దరికి ఫోన్ చేయండి, పదిరోజుల పని. డబ్బు ఊసెత్తకండి. 'మీరు పంపినవి పోయిన నెల టీచర్ జీతంలో కలిపాం, ఏడో తరగతి పిల్లలు భిన్నాలు నేర్చుకున్నారు, ఒకసారి వచ్చి చూడండి' అని చెప్పండి చాలు. వాళ్లలో కొందరు వస్తారు. వచ్చినవాళ్లు ఇంకొకర్ని తీసుకొస్తారు. మొహమాటానికి ఇచ్చిన డబ్బు ఒక్కసారే వస్తుంది, రెండోసారి ఆ మనిషి మనల్ని చూసి పక్క సందులోకి తిరుగుతాడు. చూసి ఇచ్చినవాడు అలా చేయడు. ఇది నిదానమైన దారి, మూడు నాలుగు నెలల దాకా అంకెలు పెద్దగా కదలవు. ఆ మధ్యకాలం అద్దెకు ఏం చేయాలన్నది ట్రస్టు సభ్యులంతా కూర్చుని తేల్చుకోవాలి, మీ ఒక్కరి జీతం మీద తేలకూడదు.

ఏం అడగాలన్నది ఇంకో చిక్కు. మనవాళ్లు అన్నదానానికి ఇచ్చినట్టు అద్దెకు ఇవ్వరు. అందులో తప్పేమీ లేదు, లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ గారు ఎవరొచ్చినా అన్నం పెట్టిన తీరును వందేళ్లు దాటినా చెప్పుకునే జాతి మనది. కానీ గుగ్గిళ్లకు ఇచ్చే చేయి కరెంటు బిల్లుకు ముందుకు రాదు. మీ 31,200ను నెలలో ఇరవై ఆరు సాయంత్రాలతో భాగిస్తే ఒక్కో సాయంత్రానికి సరిగ్గా 1,200 వస్తుంది, పిల్లకు ఇరవై రూపాయల లోపే. 'అద్దె, జీతం, గుగ్గిళ్లు, లైటు కలిపి ఒక సాయంత్రం 1,200' అని చెప్పి చూడండి. పుట్టినరోజుకో, నాన్నగారి తద్దినానికో ఒక సాయంత్రం తమ పేరున ఇవ్వమని అడగొచ్చు. దీనివల్ల వచ్చే ఇబ్బంది ముందే చెబుతాను. ఒకే తేదీకి ముగ్గురు ఇస్తారు, వేసవిలో ఎవరూ ఇవ్వరు. అందుకే 'ఎక్కువ వచ్చినవి మిగతా సాయంత్రాలకు వాడతాం' అని పేజీ మీదే రాయండి. ఇంకోటి, ఆ పేరు చెప్పి పిల్లల్ని వరసగా నిలబెట్టి, ముక్కూ మొహం తెలియనివాళ్లకు హ్యాపీ బర్త్‌డే పాడించొద్దు, దయచేసి. చదువుకోడానికి వచ్చిన పిల్లలు వాళ్లు.

రెండో పద్ధతి నెలవారీ. నెలకు మూడు వందలు ఇచ్చేవాళ్లు 104 మంది దొరికితే మీ ఖర్చు గట్టెక్కుతుంది. నెలనెలా ఖాతాలోంచి దానంతటదే కట్టే యూపీఐ ఆటోపే పెట్టుకోవచ్చు గానీ పెద్దవయసు వాళ్లు దానికి భయపడతారు, ఎలా ఆపుకోవాలో ముందే చూపిస్తే ధైర్యంగా ఒప్పుకుంటారు. 104 మంది అంటే పెద్ద అంకెలాగే ఉంది. కానీ మీ 41 గ్రూపుల్లో మిమ్మల్ని ముఖం చూసి గుర్తుపట్టేవాళ్లు ఎందరో ఒక కాగితం మీద రాసి చూడండి.

గ్రూపుల సంగతి, మీ అత్తయ్య సంగతి. ఆవిడ అన్న మాట మొరటుది, అందరూ నవ్వడం ఇంకా బాధ, మీరు ఆకలితో ఇంటికి రావడం చదివి నా మనసుకూ కష్టమనిపించింది. అయినా ఒకటి ఆలోచించండి. కుటుంబ గ్రూపులో వారానికి రెండుసార్లు లింకు కనిపిస్తే, ఇవ్వలేని వాళ్లకు ప్రతిసారీ ఒక ముల్లు గుచ్చుకుంటుంది. పిల్ల ఫీజు కట్టలేక ఎవరి దగ్గరో చేబదులు తెచ్చుకున్న తమ్ముడు కూడా అదే గ్రూపులో ఉండి ఉంటాడు. మీరు ఆ గ్రూపులో పూర్తిగా మౌనంగా ఉండొచ్చు, దానివల్ల మనసు ప్రశాంతంగా ఉంటుంది గానీ అడిగితే ఇచ్చే ఒకరిద్దరు చేజారతారు. లేదా ఒకే ఒక్కసారి 'ఇకనుంచి ఇక్కడ లింకులు పెట్టను, కేంద్రం కబుర్లు తెలుసుకోవాలనుకునేవాళ్లు నాకు విడిగా మెసేజ్ చేయండి' అని పెట్టి ఊరుకోవచ్చు. నలుగురే మెసేజ్ చేస్తారు, ఆ నలుగురు నిజంగా వినాలనుకున్నవాళ్లు. నాకైతే ఈ రెండోది నచ్చింది. అత్తయ్యతో మాట్లాడాలా వద్దా అన్నది మీ ఇష్టం. మాట్లాడితే మాత్రం ఫోన్లో కాదు, ఇంటికి వెళ్లి 'ఆ రోజు నాకు చాలా కష్టమనిపించింది అత్తయ్యా' అని ఒక్క మాట అనండి. ఆవిడ నొచ్చుకోవచ్చు, మళ్లీ నవ్వేయనూవచ్చు. అన్నాక మీ గుండె బరువైతే దిగుతుంది.

అడుక్కోవడం గురించి అడిగారు. తనకోసం చేయి చాచడం వేరు, పదిమంది పిల్లల కోసం జోలె పట్టడం వేరు, ఆ తేడా మన భాషలోనే ఉంది. అవతలివాడు నిర్భయంగా 'ఇప్పుడు వీలుకాదమ్మా' అనగలిగేలా అడిగినంతవరకూ మీరు తల దించుకోవాల్సిన పని లేదు.

ఆ పాప ఫొటో గురించి రాయడానికే నాకు ఎక్కువ సమయం పట్టింది. మీ కార్యదర్శి అన్నది నిజమే, ఏడుపు చూపిస్తే చేతులు కదిలాయి, ఒక్కరోజులో 8,000 వచ్చాయి. కానీ లెక్క అక్కడితో ఆపకూడదు. చదువు కోసం తెరిచిన కేంద్రం నుంచి ఒక పిల్ల వెళ్లిపోయింది. పదేళ్ల పిల్ల తన నాన్న కోసం ఏడ్చిన క్షణం ఊరందరి ఫోన్లలో ఉంది, దాన్ని వెనక్కి తేలేం. చేయగలిగినవి కొన్నే. పేజీ మీద తీసేయండి, మీరు పంపిన ప్రతి గ్రూపులో 'ఈ ఫొటో పెట్టడం మా పొరపాటు, దయచేసి తొలగించండి' అని రాయండి. సగం మంది తొలగించరు, అయినా రాయాలి. తర్వాత వాళ్లమ్మ దగ్గరికి వెళ్లండి, మీరొక్కరే, స్వీట్ బాక్సూ కార్యదర్శీ లేకుండా. క్షమించమని అడగండి. పాపను మళ్లీ పంపమని అదే నోటితో అడగొద్దు, అలా అడిగితే క్షమాపణ కూడా బేరమైపోతుంది. ఒకవేళ ఆవిడ తిడితే వినండి. వారం పదిరోజులాగి, ఆ పాపకు నచ్చే టీచర్ ఉంటే ఆమెను ఒకసారి ఇంటికి పంపి, పుస్తకాలు ఇచ్చి రమ్మనండి. పాప రావచ్చు, రాకపోవచ్చు.

ఇకముందు ఫొటోల విషయంలో ట్రస్టు ఒక మాట అనుకోవాలి. మొహాలు లేకుండా, వెనకనుంచి, రాస్తున్న చేతులు, గోడ మీద ఎక్కాలు, గుమ్మం బయట 62 జతల చెప్పులు. వాటికి డబ్బు తక్కువే వస్తుంది, దాచను. మొహాలతో వేయాలంటే అమ్మానాన్నలతో పాటు పిల్లల్ని కూడా అడగాలి, 'ఇది మీ స్కూల్లో అందరూ చూస్తారు, పర్లేదా' అని ఆ మాటతోనే అడగాలి. మన దయతోనే పిల్లలు చదువుకుంటున్నారని భయపడే తల్లి కాదనలేకపోవచ్చని కూడా గుర్తుంచుకోండి. కార్యదర్శి ఒప్పుకోకపోతే మాస్టారికి ఈ పాప సంగతి పూర్తిగా చెప్పండి. ఆయనకు తెలియదని నాకనిపిస్తోంది.

డాలస్ స్నేహితుణ్ని ముందు ఏ దేశపు పాస్‌పోర్టు ఉందో అడగండి, అంతా దాని మీదే ఉంది. ఇంకా భారత పౌరుడే అయితే, తన సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా ట్రస్టు ఖాతాకు పంపినది విదేశీ విరాళం కింద లెక్కకు రాదు. పాస్‌పోర్టు కాపీ ఒకటి తీసుకుని ఫైల్లో పెట్టండి. అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే, ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకు ఇచ్చేది) ఉన్నా సరే, అది విదేశీ విరాళమే. సంక్రాంతికి వచ్చి రూపాయల్లో చేతికిచ్చినా అంతే. అప్పుడు 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ లేకుండా తీసుకోకూడదు. రిజిస్ట్రేషన్ కావాలంటే ట్రస్టుకు మూడేళ్లు నిండాలి, గత మూడేళ్లలో అసలు పని మీద 15 లక్షలు ఖర్చు చేసి ఉండాలి, ఢిల్లీలో స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో ప్రత్యేక ఖాతా తెరవాలి. ఏడాదికి మీ ఖర్చు 3,74,400, మూడేళ్లకు పదకొండు లక్షల పైచిలుకు. ఇప్పట్లో మీకది అందదు. మీ సొంత ఖాతాలో వేయించుకునే ఆలోచన మాత్రం పూర్తిగా వదిలేయండి, 500 డాలర్ల కోసం మీ ఉద్యోగం, మాస్టారి పేరు రెండూ పణంగా పెట్టొద్దు. ఆ స్నేహితుడు డబ్బు ఇవ్వలేకపోయినా వారానికి ఒక గంట వీడియోలో తొమ్మిదో తరగతి వాళ్లకు లెక్కలు చెప్పగలడు, గుంటూరులో ఉన్న తన క్లాస్‌మేట్లను కేంద్రానికి పంపగలడు. అడిగి చూడండి.

మీవారికి అద్దె సంగతి చెప్పండి. ఆయన కోప్పడతారనే టెన్షన్‌తో దాచారు, కానీ రెండు నెలలు నాలుగైతే కోపం డబ్బు మీద ఉండదు, దాచడం మీద ఉంటుంది. నెలకు ఇంత మా ఇంటి వాటా అని ఇద్దరూ అనుకుని ఇస్తే అది 500 అయినా సరే, దాని గురించి మీరు ఎవరికీ భయపడక్కర్లేదు. ఆయన అసలు వద్దంటే కొన్నాళ్లు మీ సమయం మాత్రమే ఇవ్వండి, ఆ కేంద్రానికి మీ సమయం తక్కువదేం కాదు.

ఆ గార్డు పేరున నగదు రసీదు రాయించారా? ఉత్తరంలో లేదు. మీరు కట్టిన 500 మీ పేరున ఉండి ఉంటుంది, ఆయన నూటపదహార్లు అందులో కలిసిపోయాయి. లెక్క సరిచేసి, ఆయన పేరు తెలుగులో రాసి, 116 రూపాయల రసీదు మీ చేత్తో ఇవ్వండి. డ్యూటీ లేని రోజు చూసి ఒక సాయంత్రం కేంద్రానికి రమ్మనండి, పిల్లలకు గుగ్గిళ్లు పెట్టే వేళకు.